నాన్న వాగన్ ఎవరికీ లేవదు

పాలో సెకో, న్యూమెక్సికో
జనవరి 20, 1985

ప్రభువునందు అక్క హెర్లిందాకు,

ఓడ కట్టడానికి నోవహుకి పర్మిట్ ఎవరిచ్చారు? ఏ పట్టణ సభ చేతులెత్తి ఒప్పుకుంది? నువ్వే చెప్పు. ఫోను చేసి అడగొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను ప్రసంగం మొదలుపెడతాను, నువ్వు ఠక్కున పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. మహా అయితే పొయ్యిలో పెడతావు.

సంగతేమిటంటే, మన ఊరి సభ కొత్త నియమం చేసింది. ఈస్టర్ పండగ దాటాక, అడుగు భాగం చక్రపు ఇనుప అంచు కంటే కిందికి దిగిన బండి ఏదీ ఆదివారం మెయిన్ వీధిలో తిరగకూడదట. మొదటిసారి దొరికితే జరిమానా చీటీ రాస్తారు. రెండోసారి బండినే లాక్కుపోయి వేలం వేస్తారు. నియమంలో మన పేర్లేం రాయలేదు. కానీ ఈ ఊళ్ళో సోకు కోసం స్ప్రింగులు కోసి బండిని నేలకు దించుకుని తిరిగేది ఎవరు? బ్యాంకు మేనేజరా? రైలు పట్టాలకి ఇవతలున్న మనం. మన గుడికి వెళ్ళాలంటే ఆ వీధి దాటక తప్పదు.

నియమం గోడకి అంటించిన వారమే నేను ఎలోయ్ చిన్నాన్న గడ్డికొట్టంలోంచి నాన్న వాగన్ని బయటికి లాగాను. అదే, కప్పు వెనక చివరిదాకా సాగే మన యాభై తొమ్మిదో సంవత్సరం షెవర్లే. నేల తుప్పు తినేసింది. ముందు సీట్లో కోళ్ళు కాపురం పెట్టాయి. వెనక రెక్కలు మాత్రం చెక్కు చెదరలేదు, గద్ద వాలబోతున్నట్టే ఉన్నాయి. భయం భయంగా ఇంజన్‌ని చేత్తో తిప్పి చూశాను. తిరిగింది! లాజరు నాలుగు రోజులు సమాధిలో ఉండి లేచాడు. ఇది నాన్న పోయినప్పటి నుంచీ ఉంది.

దీన్ని ముందు లేపుతాను, తరువాత దించుతాను. నా జతగాడు నజారియో దగ్గర బండిని ఎత్తీ దించే నూనె పంపులు ఉన్నాయి. మీట నొక్కితే బండి కడుపు నేలకు ఆనుతుంది. పోలీసు కనిపించగానే ఇంకోసారి నొక్కితే బుద్ధిమంతుడిలా లేచి నిలబడుతుంది. వాళ్ళ నియమం వాళ్ళదే, మన దారి మనదే. పంపుల్ని మామూలు కార్లకైతే డిక్కీలో పెడతారు. వాగన్‌కి డిక్కీ ఏది? అందుకని చివర్న వెనక్కి తిరిగి ఉండే ఆ మూడో సీటు పీకేసి, ఆ గుంటలో పెడదామనుకుంటున్నాను.

ప్యూబ్లోలో ఊరందరి కార్లకీ సీట్లు కుడుతున్నావు. నాన్న బండికి కుట్టవా?

నీ తమ్ముడు
అబుండియో


ప్యూబ్లో, కొలరాడో
జనవరి 30

తమ్ముడూ,

నోవహు ఓడ పైకి తేలింది. నీది కడుపుతో పాకుతుంది. లేఖనాల్లో కడుపుతో పాకిందెవరో ప్రసంగీకుడివి నీకు నేను చెప్పాలా?

ఆ బండిలో సగం నాది. "ఇద్దరిదీ" అని నాన్న అన్నప్పుడు నువ్వూ మంచం పక్కనే ఉన్నావు. నాది వెనక సగం అనుకో. ఆ మూడో సీటు మీద చెయ్యి వేశావంటే నేను సూది కూడా పట్టను. మనం ఈ దేశాన్ని చూసింది ఆ సీట్లో కూర్చునే. ప్రతి ఏడూ కొలరాడో దుంపల పొలాలకి కూలికి పోతూ, వస్తూ, దారంతా వెనక్కి చూస్తూ. ముందేముందో నాన్న చూసుకునేవాడు, వెనకేం వస్తోందో మనం చూసేవాళ్ళం. షెరీఫ్ కారు కనబడితే పైకప్పు మీద గుద్దడం నీ పని. అంత గట్టిగా గుద్దేవాడివి, అమ్మ చేతిలో రొట్టె జారిపడేది.

నాకు ఆ బండి ఎలా ఉండేదో అలాగే కావాలి. కంపెనీ వేసిన లేతాకుపచ్చ రంగు, కంపెనీ పెట్టిన ఎత్తు.

ఇంకోమాట. మా షాపుకి వచ్చేవాళ్ళంతా రెండు తలుపుల బండ్ల కోసం కొట్టుకుంటారు. వాగనంటే అందరికీ చులకన. మనుషుల్ని మోయించారు, మేకల్ని మోయించారు, అరిగాక తుక్కుకి తోలేశారు. మిగిలినవే కొన్ని. నడుం నుంచి వెనక్కి దానికి మామూలు కారు సామాను ఏదీ పట్టదు. అద్దం పట్టదు, తలుపు పట్టదు, స్ప్రింగు పట్టదు. వెనక స్ప్రింగులు ఎలా ఉన్నాయో రాయి. వాటి జోలికి మాత్రం పోకు.

అక్క


పాలో సెకో
ఫిబ్రవరి 18

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడో సీటుకి దణ్ణం పెట్టి పక్కకి వచ్చాను. ప్రస్తుతానికి.

బండి బ్రహ్మాండంగా ఉంది. నేలంతా కోసేసి కొత్త రేకు అతికాను. సైలెన్సర్ల షాపులో పగలంతా పరాయి బండ్లకి వెల్డింగ్ చేసే చెయ్యి, మన బండి దగ్గరికి వచ్చేసరికి ఎలా ఆడుతోందో చూడాలి! తలుపుల్లోంచి బకెట్టు నిండా ఎండిన మట్టి వచ్చింది. ఎర్రగా ఉంది, కొలరాడో మట్టే.

నిన్న మన సంఘ పెద్ద ఫిలెమోన్ వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు. లోపలికి వస్తే తుప్పు అంటుకుంటుందని కాబోలు.

"బ్రదర్, నీకు సువార్త కావాలా, బండి కావాలా?"

"ఏలీయా బండెక్కే కదా బ్రదర్ పరలోకానికి పోయాడు?"

"అది అగ్నిరథం."

"దీని కార్బురేటర్ బాగుచేశాక మళ్ళీ రండి. ఇదీ మండుతుంది."

నవ్వలేదు. "నేలకి రాసుకునే బండ్లు తాగుబోతులవీ, రౌడీలవీ. అలాంటిది గుడి ముందు ఆపావో, ప్రసంగ పీఠం ఎక్కనివ్వం" అన్నాడు. ఆ పీఠం చెక్క కోసి మేకు కొట్టింది నాన్న! దేవుని వాక్యానికి కాలేజీ అక్కర్లేదని చెప్పి నన్ను దాని మీద నిలబెట్టింది ఈ ఫిలెమోనే. ఇప్పుడు టైర్లు కొలిచి నా రక్షణ తేలుస్తాడట.

నేను తగ్గను. యోనా కూడా మొదట వెనక్కి పోయాడు. చేప కడుపులో మూడు రోజులు కూర్చున్నాక తెలిసింది, ఎటు పొమ్మంటే అటే పోవాలని. చేప కడుపు ఎంత కిందికి ఉంటుందో ఆలోచించు.

అబుండియో


ప్యూబ్లో
ఫిబ్రవరి 27

అబుండియో,

నేను స్ప్రింగుల సంగతి అడిగాను. నువ్వు యోనా గురించి రాశావు. అప్పుడే అర్థమైంది, కొంప ముంచావని. నీ పక్కింటి కసిల్దా వదినకి ఫోన్ చేశాను. "మీ తమ్ముడి బండా? గుడ్ల మీద కూర్చున్న కోడిలా ఉంది. ముందు తల ఎత్తింది, వెనక నేల కరుచుకుంది. నిన్న కుక్క కిందికి దూరబోయి దారి లేక తిరిగిపోయింది" అంది.

నజారియో కారు స్ప్రింగులు ఎంత కోశావో వీటినీ అంతే కోశావు. అవునా? కారు వెనకాల ఉండేది ఒక డిక్కీ మూత. వాగన్ వెనకాల ఉండేది ఒక ఇల్లు. గజం బద్ద పట్టుకుని ప్రతివాడి బండినీ కొలిచే నీకు ఆ మాత్రం తోచలేదా! మంటతో కోసిన స్ప్రింగు మళ్ళీ పెరుగుతుందా, తోకా అది?

సరే, తిట్టాను. ఇప్పుడు నేను రాయబోయేది కూర్చుని చదువు.

నీ పంపుల సంగతి. పోలీసు కనబడగానే బండి లేచి నిలబడుతుందన్నావు చూడు, ఆ మాట చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నాకు పదహారో ఏడు. దుంపల పని అయిపోయి తిరిగొస్తున్నాం. బండిలో మనమూ, ఇంకో రెండు కుటుంబాలూ. పిండి కొనాలని నాన్న మన ఊరి మెయిన్ వీధిలోకి తిప్పాడు. అంత బరువుకి బండి వెనక భాగం నేలకి రాసుకుంటోంది. అప్పటి ఊరి పోలీసు, మార్షల్, చెయ్యెత్తి ఆపాడు. "వీధి గీసుకుపోతుంది, లేపు దీన్ని" అన్నాడు. నాన్నకి అర్థం కాలేదు. "మనుషుల్ని దించు, అదే లేస్తుంది" అన్నాడు మార్షల్. అందరూ దిగారు. అమ్మ కూడా దిగింది, చెప్పులు చేత్తో పట్టుకుని. "పిల్లలు ఉండొచ్చులే" అన్నాడు. బండి లేచింది. నాన్న టోపీ తీసి థాంక్యూ సర్ అన్నాడు.

ఆ వీధి పొడుగునా బండి మెల్లగా పోతోంది, మనవాళ్ళంతా వెనక నడిచొస్తున్నారు. నేను వెనక్కి తిరిగిన సీట్లో ఉన్నాను. వాళ్ళ ముఖాలు నాకు ఎదురుగా. అమ్మ నన్ను చూసి నవ్వింది. షాపుల ముందు జనం నిలబడి చూశారు. నువ్వు నా ఒళ్ళో నిద్రపోతున్నావు కాబట్టి నీకు తెలీదు. నాన్న పోయాక ఆ ఊరికి నేను మళ్ళీ ఎందుకు రాలేదని అడుగుతుంటావు కదా. అందుకు.

పోలీసుని చూసి లేచే బండి చెయ్యడానికి పంపులెందుకురా? నాన్న పంపుల్లేకుండానే చేశాడు.

హెర్లిందా


పాలో సెకో
మార్చి 5

అక్కా,

స్ప్రింగులు కోసింది నిజమే.

మిగతాది చదివి పెరట్లోకి పోయి ఆ సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాను. బైబిలు పక్కనే ఉంది, తెరవలేదు. నాకు తెలిసి అలా ఎప్పుడూ జరగలేదు.

పంపులు నజారియోకి తిరిగి ఇచ్చేశాను. "ఎందుకురా, భయపడ్డావా?" అన్నాడు. "ఇన్నాళ్ళూ భయపడే పెట్టాలనుకున్నా" అన్నాను. షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజు ముందు వంగలేదు. ఆ ముగ్గురూ బబులోనులో ఏమంత ఎత్తున ఉన్నారు? పరాయి దేశానికి చెరపట్టి తెచ్చినవాళ్ళు. తగ్గి ఉండడం వేరు, వంగడం వేరు. వీధి వీధంతా ఈ రెండూ ఒకటే అనుకుంటోంది. నేనూ అలాగే అనుకున్నాను, పన్నెండేళ్ళ బట్టీ పీఠం మీద నిలబడి అరుస్తూ కూడా!

నాన్న వాగన్‌ని దించుతాను. ఒక్కసారే, శాశ్వతంగా. మనవాళ్ళంతా కూర్చుంటే ఎంత దిగేదో అంత. మీట ఉండదు. లేవమన్నా లేవదు. మూడో సీటు ఉంటుంది.

నీ సగం మీద నీ మాటే చెల్లుతుంది. సరేనంటేనే ముట్టుకుంటాను. కానీ నాకు వాగన్ స్ప్రింగులు కావాలి. ఈ చుట్టుపక్కల తుక్కు యార్డులన్నీ గాలించాను. లేవు.

అబుండియో


ప్యూబ్లో
మార్చి 24

తమ్ముడూ,

స్ప్రింగులు బస్సులో వస్తున్నాయి. డ్రైవరు మనవాడే, పాదాల దగ్గర పెట్టుకుంటానన్నాడు. గోధుమరంగు దుప్పట్లో చుట్టాను. దుప్పటి నాకు తిరిగి పంపు.

ఎక్కడ దొరికాయంటావా? ఉక్కు ఫ్యాక్టరీ వెనక తుక్కు యార్డులో ఓ వాగన్ బోర్లా పడి ఉంది. యార్డువాడు నన్ను పైనుంచి కిందికి చూసి, "అమ్మా, కర్టెన్లు అమ్మే షాపు ఆ పక్క వీధి" అన్నాడు. నేను పాంట్ జేబులోంచి రెంచి తీశాను. సాయంత్రం దాకా నాకు కాఫీ మోస్తూనే ఉన్నాడు. వెనక అద్దం దించే మోటారు కూడా ఊడదీశాను. మనదాన్లో అది చచ్చిందని నాకు తెలుసు, నువ్వు రాయకపోయినా.

కోయి. కానీ ఈసారి కొంచెం కొంచెం కోయి. ప్రతిసారీ మనుషుల్ని కూర్చోబెట్టి చూడు. ఖాళీ వాగన్ అబద్ధం చెబుతుంది.

సీట్లు కుడుతున్నాను. కంపెనీ గుడ్డ కాదు. లేతాకుపచ్చ కూడా వద్దు. ఆ కంపెనీవాళ్ళు నాన్నని ఎరగరు. లావు గొట్టాల్లా పక్కపక్కనే మడతలు వేసి కుడుతున్నాను, ఎర్రదుంప కోసినప్పుడు లోపల ఉండే రంగులో. మా షాపు యజమాని చూసి, "ఇది వాగనా, బిషప్ సింహాసనమా?" అన్నాడు. "మా అమ్మ కుర్చీ" అన్నాను.

బండి రంగు కూడా అదే వెయ్యి. వాళ్ళు కళ్ళు మూసుకున్నా కనబడాలి.

హెర్లిందా


పాలో సెకో
ఏప్రిల్ 15

అక్కా! నిన్న నడిపాం!

ముందు ఎత్తు సంగతి చెప్పాలి. నువ్వు చెప్పినట్టే మనుషులతో కొలిచాను. గుళ్ళోని ఆడవాళ్ళని పిలిచి కూర్చోమన్నాను. వాళ్ళలో పెద్దావిడ దోన్యా ప్రెసిలియానా వెనక సీట్లో కూర్చుంటూ, "నా బరువు బయటపెట్టావంటే నీ ప్రసంగాలు ఎంత బరువో నేనూ చెబుతా" అంది. వాళ్ళు దిగడం, నేను కొంచెం కోయడం, వాళ్ళు మళ్ళీ ఎక్కడం. మధ్యలో బీన్సూ మిరపకాయల కూరా రొట్టెలూ తెచ్చుకుని బండిలోనే తిన్నారు. నీ సీట్ల మీద ఒక్క ముక్క పడనివ్వలేదు, ఒట్టు.

మధ్యాహ్నం నిండా జనంతో మెయిన్ వీధిలోకి తిప్పాను. నడక వేగం. బ్యాంకు దాటాం, మందుల షాపు దాటాం. వెనక లైటు మెరిసింది. గిల్బెర్తో. నా పెళ్ళిలో గిటారు వాయించినవాడే, ఇప్పుడు పోలీసు బిళ్ళ పెట్టుకున్నాడు.

"లేపు అబుండియో."

"లేవదు."

"మీట నొక్కరా నాయనా, అందరూ చూస్తున్నారు. ఒక్కసారి లేపితే నేను చూడనట్టు పోతా."

"మీట లేదు. కావాలంటే వెతుక్కో."

మోకాళ్ళ మీద కూర్చుని కిందికి చూశాడు. తెల్లమొహం వేశాడు. "పంపులేవిరా? పంపుల్లేకుండా ఎవడైనా ఇంత దించుతాడా? పిచ్చోడా!"

వెనక కిటికీ దిగింది. నీ మోటారు ఎంత మెత్తగా పనిచేసిందనుకున్నావు! దోన్యా ప్రెసిలియానా వాడికి సూటిగా ఎదురుగా కూర్చుని ఉంది. "గిల్బెర్తో, నీకు తొలి లాగు కుట్టింది నేను. ఆ చీటీ ఏదో తొందరగా రాయి, ప్రార్థనకి ఆలస్యమవుతోంది."

"పోనీ మనుషుల్ని దించు అబుండియో. కాస్త లేస్తుంది కదా" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. వాడికేం తెలుసు.

అక్కా, నా ఒళ్ళు మండింది. అయినా కేక వెయ్యలేదు. "ఒక్కరు కూడా దిగరు" అన్నాను. అంతే. లోపల ఎవరూ కదల్లేదు.

చీటీ రాశాడు. గుడి దగ్గరికి పోయేసరికి ఫిలెమోన్ తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. సరే, వెనక తలుపు కిందికి వాల్చి దాని మీదే నిలబడి వాక్యం చెప్పాను. లోపల ఉన్నవాళ్ళలో చాలామంది బయటికి వచ్చారు.

వచ్చే ఆదివారం వాన అంటున్నారు, ఆ పై ఆదివారం మళ్ళీ నడుపుతాను.

అబుండియో


ప్యూబ్లో
ఏప్రిల్ 19

తమ్ముడూ,

నీ ఉత్తరం షాపులో గట్టిగా చదివాను. యజమాని దోన్యా ప్రెసిలియానాకి పెళ్ళయిందా అని అడిగాడు.

కానీ ఇంక చాలు. రెండోసారి దొరికితే బండి పోతుంది. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తుంటే భయమేస్తోంది. వేలంలో ఎవడు కొంటాడు? ఆ బ్యాంకు మేనేజరే కొని, నేను కుట్టిన సీట్ల మీద కుక్కని ఎక్కించుకుంటే? నాన్న మనకి మిగిల్చింది అదొక్కటే. ఇల్లు లేదు, పొలం లేదు. నిన్ను రెచ్చగొట్టింది నేనే, కాదనను. అప్పుడు అది తుప్పు. ఇప్పుడు అది బండి.

చూపించావు కదా. వాళ్ళూ చూశారు కదా. ఎలోయ్ చిన్నాన్న కొట్టంలో పెట్టి తాళం వెయ్యి. ఎండాకాలం నేను వస్తాను, అక్కడే కూర్చుని చూసుకుందాం.

నా సగం నాకు కావాలి అబుండియో.

అక్క


పాలో సెకో
ఏప్రిల్ 24

హెర్లిందా అక్కా,

తాళం వెయ్యను.

ఒక సేవకుడు యజమాని ఇచ్చిన తలాంతుని, ఆ డబ్బుని, భద్రంగా భూమిలో పాతిపెట్టాడు. పోగొట్టలేదు, తినలేదు, జాగ్రత్తగా తిరిగి తెచ్చిచ్చాడు. ఉన్నదీ లాక్కుని వాణ్ణి చీకట్లోకి గెంటేశారు, నీకు తెలుసు. కొట్టంలో పెట్టిన వాగన్ మన వాగనే, కానీ దాంట్లో ఎవరూ ఉండరు. మనుషులు లేని ఆ బండిని వాళ్ళు ఎప్పుడో మెచ్చుకున్నారు. అలాగే లేచి ఉండాలనే కదా వాళ్ళు కోరింది!

పోతుందేమో. నీకు అబద్ధం చెప్పను. గిల్బెర్తో ఇంటికొచ్చి మరీ చెప్పాడు, ఆదివారం బండ్లని లాక్కుపోయే లారీ వీధి చివర సిద్ధంగా ఉంటుందని. సంఘం నన్ను ప్రసంగాల నుంచి తీసేసింది, కాగితం ఇచ్చారు. పీఠం పోయింది. రేపు బండి పోవచ్చు. అయినా ఆదివారం రెండింటికి వాగన్ కదులుతుంది.

ఒంటరిగా కాదు. నజారియో తన బండి మీట విరిచి పారేశాడు, దించిన బండి దించినట్టే తెస్తాడట. వాళ్ళ వీధివాళ్ళూ వస్తున్నారు. పై ఊరి నుంచి రెండు వాగన్లు వస్తున్నాయి, ఒకదాన్ని ఒక నాయనమ్మే నడుపుతుందట. ఎవరూ లేపరు, ఎవరూ దిగరు. ఊరికి ఆ లారీ ఒక్కటే, దాని డ్రైవరు నజారియో బావమరిది. వాడికి ఆదివారం నుంచి నడుం నొప్పి వస్తుందని ఇప్పుడే అంటున్నాడు. అయినా నేను వాడి నడుం మీద ఆశ పెట్టుకోను.

కానీ నేను నడపను.

నాన్న ఆ స్టీరింగ్ ఆడపిల్ల చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు. నువ్వు ఆ బండిలో ఎన్ని వేల మైళ్ళు తిరిగావు, అంతా వెనక్కి చూస్తూనే. ఆ వీధిలో అమ్మ ముఖం చూసినదానివి నువ్వు, నేను కాదు. నేను నిద్రపోతున్నాను. నిద్రపోయినవాడు ఎంత అరిచినా అది ప్రసంగమే అవుతుంది. నువ్వు నడిపితే అది సాక్ష్యం. గిల్బెర్తో వచ్చి లేపమంటే జవాబు చెప్పాల్సింది నువ్వు. నీ సగం నీకు కావాలన్నావు. వచ్చి తీసుకో. అది ఉన్నది మెయిన్ వీధిలో.

భయమేస్తే భయంతోనే రా. ఎస్తేరు కూడా వణుకుతూనే రాజు ముందుకి పోయింది, పిలుపు లేకుండా. నశిస్తే నశిస్తాను అంది. ఇంట్లో కూర్చుని అనలేదు, బయలుదేరుతూ అంది.

ఈ ఉత్తరం నీకు శుక్రవారం అందుతుంది. మధ్యాహ్నం బస్సు ఉంది. మడిచి సొరుగులో పెట్టకు. యజమానిని సెలవు అడగకు, చెప్పి రా. ఎండాకాలం అనకు, రేపు అనకు, ప్రార్థించి చూస్తాననకు. సూది కింద పెట్టు, దారం తెంపు, ఆ ఆప్రాన్ విప్పు. అక్కా, ఇవాళే బస్సెక్కు!

అబుండియో